చెయ్యి ఎవరి చేతిలో పెట్టావు

సాయంత్రం, బడి వదిలేశాక. నర్సరీ తరగతి గదిలో ముగ్గురు: బడి ప్రిన్సిపాలు, ఆ గదిలోనే టీచరుగా పనిచేసే ఆమె కూతురు, పదో తరగతి చదివే ఒక అమ్మాయి.

"ఆమెన్ అన్నాం, అయిపోయింది. ఇక లే అమ్మా. ఎంతసేపు ఇలా మోకాళ్ళ మీద?"

"ఇంకొక్క మాట చెప్పుకుని లేద్దాం తల్లీ. నీ మనసు కుదుటపడాలి."

"నా కూతురు కనబడితే నా మనసు దానంతటదే కుదుటపడుతుంది. నా పిచ్చుకని వాళ్ళ నాన్న తీసుకెళ్ళాడు. ఎటు తీసుకెళ్ళాడో తెలియదు. ఫోను స్విచాఫ్. నువ్వేమో కళ్ళు మూసుకోమంటావు. ఏమ్మాయ్, నువ్విలా రా. గోడకి బల్లిలా అతుక్కుపోయావేంటి? ముందుకు రా."

"వచ్చా టీచర్."

"ఏడవకు. ఏడిస్తే నీ మాట సగం మింగేస్తున్నావు. మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

"దాన్ని వదిలెయ్యి తల్లీ. చెప్పిందేగా ఇందాక. పసిపిల్ల, బెదిరిపోయింది."

"పదో తరగతమ్మా ఇది. పసిపిల్ల నా కూతురు. నాలుగేళ్ళకే వాడి చేతిలో పడింది. చెప్పు. గంట కొట్టారు. తర్వాత?"

"గంట కొట్టగానే పైనుంచి దిగి వచ్చా టీచర్. చిన్నపిల్లల్ని ఇంటివాళ్ళకి అప్పగించే తోడక్కలందరం వచ్చాం. ఎవరి పిల్ల చెయ్యి వాళ్ళు పట్టుకున్నాం. నేను పిచ్చుక చెయ్యి పట్టుకుని వరండాలో నిలబడ్డా. సంచి నేనే తగిలించుకున్నా. నీళ్ళ సీసా మాత్రం ఇవ్వనంది. దాన్ని బిడ్డలా ఎత్తుకుంది."

"ఎప్పుడూ అంతే అది. సరే. తోడక్కగా తీసుకున్నరోజు నీ చేత ఏం చెప్పించాం?"

"ఏం చెప్పించారంటే..."

"చెప్పు. ఇక్కడ, ఈ బల్లల ముందే నిలబడి చెప్పావుగా."

"'నాకు అప్పగించిన చిన్న చెయ్యి, ఇంటి మనిషి చేతిలో పెట్టేదాకా వదలను.'"

"ఇంటి మనిషంటే ఎవరు?"

"టీచర్ ఎవర్ని చెప్తే వాళ్ళు."

"పిచ్చుకకి ఎవర్ని చెప్పాను?"

"మిమ్మల్ని. మీరు పనిలో ఉంటే మేడమ్‌ని."

"వాళ్ళ నాన్నని?"

"ఇవ్వొద్దన్నారు."

"ఎలా అన్నాను? ఏదో మాటవరసకి అన్నానా?"

"లేదు టీచర్. ఫోటో కూడా చూపించారు. కాళ్ళు పట్టుకున్నా ఇవ్వొద్దన్నారు."

"విన్నావా అమ్మా? అన్నీ గుర్తున్నాయి. ముక్క పోకుండా ఒప్పజెప్తోంది. మరి ఎందుకిచ్చావే? ఎందుకిచ్చావు? చెవులు పనిచేస్తున్నాయి, కళ్ళు పనిచేస్తున్నాయి, మరి ఏమొచ్చింది నీకు?"

"టీచర్, నేను..."

"అమ్మాయ్, ఆగు. చూడు తల్లీ, జరిగిందేదో జరిగింది. దాన్ని ఎంత గద్దించినా పిల్ల వస్తుందా? రాదు. తండ్రి దగ్గరే కదా ఉంది, ఎవరో ముక్కూమొహం తెలియనివాడి దగ్గర కాదుగా. కాసేపు చూద్దాం."

"కాసేపు, కాసేపు. ఆ ముక్క పట్టుకుని వేలాడుతున్నావు. చీకటి పడుతోంది. అసలు వాడు గేటు దాటి లోపలికెలా వచ్చాడు? వాచ్‌మన్‌కి చెప్పి పెట్టానా లేదా?"

"వాచ్‌మన్ మాత్రం ఏం చేస్తాడు? మొన్న పొద్దున చాపెల్ ప్రార్థనలో అతనూ ఉన్నాడుగా. అందరితోపాటు అతనూ చూశాడు, విన్నాడు."

"అదీ సంగతి. నువ్వు వాడిని తీసుకొచ్చి స్టేజీ ఎక్కించావు. నర్సరీ నుంచి పదో తరగతి దాకా బడి మొత్తం కూర్చుని ఉంది. వాడు మైకు పట్టుకుని నేను పాపిని, తాగుబోతుని, నా భార్యని కొట్టాను, నన్ను క్షమించండి అన్నాడు. మోకాళ్ళ మీద పడ్డాడు. చప్పట్లు! నాలుగో తరగతి పిల్లలు ఏడ్చారు. నా నర్సరీ పిల్లలకి ఏమీ అర్థంకాక వాళ్ళూ చప్పట్లు కొట్టారు. నేను వెనక నిలబడి ఉన్నా. ఆ 'భార్య' నేనే. వాడిని ఎక్కించేముందు నన్నొక్కమాట అడిగావా?"

"అడిగితే వద్దంటావు."

"అంటాను! కచ్చితంగా అంటాను!"

"అందుకే అడగలేదు. మారుమనస్సు పొంది వచ్చినవాడి మొహాన నేను తలుపెలా వేస్తాను తల్లీ? రోజూ పొద్దున అదే స్టేజీ మీద నిలబడి క్షమించండి, క్షమించండి అని పిల్లలకి చెప్పేది నేను. నా ఇంటికొచ్చేసరికి కుదరదంటే, రేపు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"చెప్పలేకపోతే మానెయ్, లెక్కలు చెప్పుకో."

"ఎకసెక్కాలొద్దు. నువ్వు చూడలేదు. ఆఫీసులో నా ముందు కూర్చుని ఎంత ఏడ్చాడో. అది నటన కాదు."

"నటనని నేనూ అనట్లేదు. వాడు నిజంగానే ఏడుస్తాడు. చాలా బాగా ఏడుస్తాడు. నా మణికట్టు విరిచినరోజు కూడా ఏడ్చాడు. ఆసుపత్రిలో ఆ ఏడుపు చూసి నర్సు నాకంటే ముందు వాడికి కుర్చీ వేసింది. ఇదిగో, ఇప్పటికీ ఈ చెయ్యి పూర్తిగా తిరగదు. బోర్డు మీద అ, ఆ రాయాలంటే భుజం మొత్తం తిప్పాలి. పిల్లలు నన్ను చూసి వాళ్ళూ భుజాలు తిప్పుతూ రాస్తున్నారు, అలాగే రాయాలనుకుని."

"ఆ అమ్మాయి ముందు ఈ మాటలన్నీ ఎందుకు?"

"వాడు మైకులో చెప్పినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?"

"మనుషులు మారతారు తల్లీ. మీ నాన్న మారలేదా? ఆయన ఎలా ఉండేవాడు, ఎలా అయ్యాడు? ఈ బడి గోడలు ఆయన సాక్ష్యం మీద లేచాయి. ఒక్క గదితో మొదలుపెట్టాం. నేను రాత్రింబవళ్ళు కన్నీళ్ళతో ప్రార్థిస్తే..."

"అమ్మా, ఆ కథ నాకు చెప్పకు."

"కథా? కథంటావా?"

"దీన్నడుగు, ఇది కూడా ఒప్పజెప్తుంది."

"ఏటా చెప్తారు టీచర్, బడి పుట్టినరోజుకి. పెద్దయ్యగారు గుమ్మంలో సీసా పగలగొట్టి మేడమ్ పక్కన మోకరించారని. నర్సరీలో ఉన్నప్పుడు నేను ఆ నాటకంలో సీసా పట్టుకున్నా."

"చూశావా! సీసా సంగతి అందరికీ తెలుసు. చెయ్యి సంగతి ఎవరికీ చెప్పలేదు నువ్వు. నాన్న మారలేదమ్మా. నాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చెయ్యి పడిపోయింది కాబట్టి కొట్టలేదు. నువ్వు దాన్ని అద్భుతం అన్నావు."

"నోరు ముయ్యి!"

"మూస్తా. పిల్లని తెచ్చివ్వు, మూస్తా."

"ఆయన చివరిదాకా దేవుడి పని చేశాడు. ఒంటిచేత్తో చేశాడు. ఆయన మనసు నాకు తెలుసు. నీకేం తెలుసు?"

"తలుపు సందులోంచి చూసిందంతా తెలుసు. సరేలే. ఇప్పుడు నాన్న మీద కాదు నా గొడవ. ఏమ్మాయ్, వాడు వచ్చేసరికి పిచ్చుక ఏం చేసింది? భయపడిందా? నా వెనక దాక్కున్నట్టు నీ వెనక దాక్కుందా?"

"ముందు దాక్కుంది టీచర్. నా గౌను పట్టుకుంది. తర్వాత..."

"తర్వాత?"

"తర్వాత నన్నడిగింది. 'అక్కా, నాన్న మంచోడైపోయాడంట, నిజమేనా?' అని."

"దానికెవరు చెప్పారు మంచోడైపోయాడని?"

"వాళ్ళ అమ్మమ్మ చెప్పారు."

"ఎప్పుడు? చాపెల్ రోజా?"

"కాదు టీచర్. అప్పుడే. వరండాలో."

"అమ్మాయ్, నువ్వింటికి వెళ్ళు. మీ నాన్న గేటు దగ్గర ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నాడు. పాపం, పనిమానుకుని వచ్చాడు."

"కదలకు. అక్కడే ఉండు. అమ్మా, గంట కొట్టినప్పుడు ఆఫీసులో ఉన్నానన్నావు."

"ఆఫీసులోనే ఉన్నా. మధ్యలో ఒకసారి అలా వరండాలోకి... పిల్లలందరూ సవ్యంగా వెళ్తున్నారో లేదో చూద్దామని..."

"రోజూ చూస్తావా అలా?"

"చూస్తానే. అప్పుడప్పుడూ."

"ఇంతకాలం నేనెప్పుడూ చూడలేదే. ఏమ్మాయ్, ఇటు చూడు. మేడమ్ వైపు కాదు, నా వైపు. నిన్ను తిట్టను. చెయ్యెత్తను. ఒక్కటే అడుగుతా. పిచ్చుక చెయ్యి ఎవరి చేతిలో పెట్టావు?"

"టీచర్..."

"ఎవరి చేతిలో పెట్టావు?"

"మేడమ్ చెప్తానన్నారు టీచర్. నన్ను చెప్పొద్దన్నారు. 'మీ టీచర్‌కి నేనే నిదానంగా చెప్తా, నువ్వు మాట్లాడకు' అన్నారు."

"మేడమ్ ఇంకా నిదానంగానే ఉన్నారు. నువ్వు చెప్పు."

"మేడమ్ చేతిలోనే పెట్టా టీచర్. వాళ్ళ నాన్న అడిగారు. నేనివ్వలేదు. ఒట్టు. చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నా, అది 'అక్కా నొప్పి' అంది కూడా. అప్పుడు మేడమ్ వచ్చి 'నాకివ్వమ్మా' అన్నారు. మేడమ్‌కి ఇవ్వొచ్చని మీరే చెప్పారుగా. ఇచ్చా. మేడమ్ దాన్ని ముద్దుపెట్టుకుని ఆయన చేతిలో పెట్టారు. నేను మాట తప్పలేదు టీచర్. తప్పలేదు."

"తప్పలేదమ్మా. నువ్వు తప్పలేదు. ఏడవకు. ఇందాకట్నుంచీ ఇదంతా కడుపులో పెట్టుకుని నా చేత తిట్లు తింటున్నావా?"

"పర్లేదు టీచర్."

"పర్లేదు కాదు. నేను నిన్ను నానామాటలూ అన్నాను. ఇక్కడ నిలబడి వింటూ ఊరుకున్నావా అమ్మా? పదో తరగతి పిల్ల, ఇదే గదిలో అక్షరాలు దిద్దుకున్న పిల్ల. నేను దాన్ని పీక్కుతింటుంటే నువ్వు ప్రార్థన చేద్దాం రండి అన్నావా?"

"చెప్పాలనే అనుకున్నా తల్లీ. నోరు రాలేదు."

"అందుకా నన్ను పైకి పంపావు? గంట కొట్టే వేళకి సరిగ్గా, 'పై అల్మరాలో రంగు కాగితాలు చిందరవందరగా ఉన్నాయి, వెళ్ళి సర్దు' అన్నావు. నేనెళ్ళి రంగులవారీగా సర్దాను అమ్మా. ఎర్రవన్నీ ఒకచోట, పచ్చవన్నీ ఒకచోట. పైన నేను కాగితాలు సర్దుతుంటే కింద నువ్వు నా పిల్లని సర్దేశావు."

"ఒక్క గంట అన్నాడు. ఐస్‌క్రీమ్ తినిపించి తీసుకొస్తానన్నాడు. నువ్వు చూసేలోపే తెచ్చేస్తానన్నాడు. తండ్రి కదా, పిల్లని ముట్టుకుని ఎన్నాళ్ళయిందో అని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నేననుకున్నా... ఒక్కసారి అతను మాట నిలబెట్టుకుంటే, పిల్లని నవ్వుతూ తెచ్చి నీ ముందు నిలబెడితే, నీ మనసు కూడా కరుగుతుందనుకున్నా. మళ్ళీ ఒక ఇల్లవుతారనుకున్నా. నేను చూస్తుండగానే మీరు కలవాలని తల్లీ, అంతకుమించి నాకేం కావాలి?"

"నాకేం కావాలో నీకెప్పుడూ అక్కర్లేదు కదా."

"అలా అనకు."

"ఇంకెలా అనను? వాడు పోయినసారి ఏమన్నాడో నీకు తెలుసు. నీ ముందే అన్నాడు. 'నువ్వు నాతో రాకపోతే, పిల్ల నీకుండదు' అన్నాడు. విన్నావా లేదా?"

"విన్నా. అది తాగి ఉన్నప్పుడు..."

"తాగి ఉన్నప్పుడే వాడు నిజం చెప్తాడు. ఏమ్మాయ్, వాడు ఏ బండిలో వచ్చాడు? లారీయేనా? లారీ డ్రైవరు కదా."

"లారీ కాదు టీచర్. తెల్ల కారు. వెనక అద్దానికి పగులుంది. లోపల ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆపలేదు."

"ఇంజను ఆపలేదు. ఐస్‌క్రీమ్ తినిపించడానికి వచ్చినవాడు ఇంజను ఆపలేదు. నీకు కనబడలేదా అమ్మా ఇది? దీనికి కనబడింది."

"నేను పిల్లని చూస్తున్నా. అది నవ్వుతోంది."

"టీచర్, ఒక్కటి చెప్పనా?"

"చెప్పు."

"కారెక్కేముందు పిచ్చుక వెనక్కి తిరిగి చూసింది. నీళ్ళ సీసా పైకెత్తి ఊపింది. నేను కూడా చెయ్యి ఊపా. నవ్వా కూడా. నవ్వకుండా ఉండాల్సింది టీచర్. నేను నవ్వకపోతే అది వెళ్ళేది కాదేమో."

"నీదేం లేదు. విను. నీదేం లేదు ఇందులో. వెళ్ళు, మీ నాన్న ఎదురుచూస్తున్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికెళ్ళు. తెల్ల కారు, వెనక అద్దానికి పగులు. ఇదెవరైనా అడిగితే ఇలాగే చెప్తావు కదూ?"

"చెప్తా టీచర్. ఎవరడిగినా చెప్తా."

"వెళ్ళిరా."

"వెళ్ళొస్తా టీచర్. వెళ్ళొస్తా మేడమ్."

"మంచిదమ్మా. జాగ్రత్త."

"దాని మొహం చూడలేకపోయావు కదమ్మా?"

"చూడలేకపోయాను."

"సరే. ఏడ్చేది తర్వాత ఏడుద్దాం, ఇద్దరం కూర్చుని. నా హ్యాండ్‌బ్యాగు ఏది? నేను పోలీసుల దగ్గరికి వెళ్తున్నా."

"పోలీసులా? ఆగు తల్లీ. బడి గేటు ముందు పోలీసు జీపు ఆగితే... నర్సరీ నుంచి పదో తరగతి దాకా ఇంతమంది పిల్లల్ని మన చేతుల్లో పెట్టారు. రేపు ఒక్క తల్లైనా పెడుతుందా?"

"పెట్టకూడదు."

"ఏంటా మాట!"

"ఒక తల్లి పెట్టింది కదా, చూశాం కదా ఏమైందో. జరుగు, అమ్మా. దారిలో నిలబడకు."

"కాసేపు కూర్చో. ఒక్కదానివీ ఎలా వెళ్తావు?"

"వెళ్తా. నాకిప్పుడే తట్టింది. వంతెన! వంతెన మీద పని జరుగుతోందిగా. ఒక పక్కే వదులుతున్నారు. పొద్దున మన బస్సు ఎంతసేపు ఇరుక్కుపోయింది! సగం పిల్లలు పాఠం మొదలయ్యాక ఊడిపడ్డారు. ఊరు దాటాలంటే అది తప్ప దారి లేదు. సాయంత్రం ఇంకా ఘోరంగా ఉంటుంది. వాడు ఎంత తొందరపడినా ఆ వరసలోనే నిలబడాలి. పోలీసులు వంతెన అవతల ఒక్క మాట చెప్తే చాలు, తెల్ల కారు, పగిలిన అద్దం, లోపల పాప. పట్టేస్తారు. అమ్మా, పట్టేస్తారు! నేనెంత వెర్రిదాన్నో, ఇంతసేపూ ఈ బుల్లి కుర్చీల మధ్య కూర్చున్నా. అది ఇంకా అక్కడే ఉంటుంది. ఆకలేస్తుందని గోల పెడుతూ ఉంటుంది. అమ్మా, నా చెయ్యి వదులు."

"తల్లీ..."

"వదులు. ఆ మణికట్టే అది. నొప్పి."

"తల్లీ, వెళ్ళి లాభం లేదు."

"ఎందుకు లేదు? పోలీసులంటే నీకు పరువుపోతుంది, అంతేగా? పోనీ. పిల్లకంటే ఎక్కువా?"

"పరువు కాదు. పరువు ఎటూ పోయింది. వంతెన దగ్గర అతను లేడు."

"నీకెలా తెలుసు?"

"నా మాట విను తల్లీ."

"అమ్మా. వంతెన దగ్గర లేడని నీకెలా తెలుసు?"

"నాకు ఫోన్ చేశాడు. వంతెన దాటేశామన్నాడు. ఇక తీసుకురానన్నాడు, వెతకొద్దన్నాడు. పిల్ల వెనక నుంచి అమ్మా, అమ్మా అంటోంది. కట్ చేసేశాడు."

"ఎప్పుడు? ఎప్పుడు చేశాడు?"

"మనం మోకరించకముందే."